పుస్తకాన్ని ఎవరికిచ్చారు?

పిల్లనయినా పుస్తకాన్నయినా తెలుగులో ఇవ్వడమే. "మీ పెద్దమ్మాయిని ఎవరికిచ్చారు?" అని అడిగే నోటితోనే "ఆ నవల ఎవరికిచ్చారు?" అనీ అడుగుతాం. ఇన్ని తరాలుగా దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ప్రాంతీయ పుస్తక పాలనా మండలి వారు భవిష్యత్తులోకి అడుగు పెట్టాలనుకున్నాక కలిగింది.

మండలి సంయుక్త సంచాలకులు చిదంబరేశ్వరరావు గారు గ్రంథాలయాలకు కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని పత్రికల్లో ప్రకటన వేయించారు. "ఇచ్చువారి వివరములు, పుచ్చుకొనువారి వివరములు, ఇరువురికీ గల పొంతన, ఇచ్చిన పిమ్మట యోగక్షేమముల విచారణ మున్నగు సదుపాయములు సదరు సాఫ్ట్‌వేర్ నందు ఉండవలెను" అని అందులో వివరంగా రాశారు. పుస్తకం అన్న మాట మాత్రం రాయడం మరిచిపోయారు. ప్రకటన చూసి ఒకే ఒక్క కంపెనీ ముందుకొచ్చింది. ముహూర్తబలం టెక్నాలజీస్ అని, అప్పటిదాకా పెళ్ళిసంబంధాల వెబ్‌సైట్ నడుపుకుంటున్న కంపెనీ. వారి దగ్గర అడిగిన సదుపాయాలన్నీ ఉన్నాయి. ఇంకా అడగనివీ ఉన్నాయి.

శిక్షణ తరగతి రోజున మండలి హాల్లో మంజీర మూడో వరసలో కూర్చుంది. గుమ్మలూరు శాఖా గ్రంథాలయానికి ఆమె గ్రంథపాలకురాలు. శ్రావణమాసంలో పెళ్ళయింది. భర్త దివాకర్ గుమ్మలూరు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. భార్యాభర్తలు ఒకే ఊళ్ళో ఉండాలన్న నిబంధన చూపించి, కాళ్ళరిగేలా తిరిగి, ఈమధ్యనే ఆ ఊరికి బదిలీ చేయించుకుంది. పొద్దున్నే మొగుడి స్కూటర్ వెనక కూర్చుని ఉద్యోగానికి వెళ్ళడం అనే వైభోగం లోకంలో ఇంకెవరికైనా ఉందా అని ఆమెకు గట్టి అనుమానం. గ్రంథాలయం ముందు దింపి, మలుపు తిరిగేదాకా అతను హారన్ కొట్టుకుంటూ వెళతాడు. ఎదురుగా ఎవరూ ఉండరు. అయినా కొడతాడు.

"మేడమ్స్, సర్స్, ఏం టెన్షన్ పడకండి. కాన్సెప్ట్ సేమ్" అన్నాడు కంపెనీ ప్రతినిధి తేజేశ్వర్. "అక్కడ వధువు, ఇక్కడ పుస్తకం. అక్కడ వరుడు, ఇక్కడ పాఠకుడు. మా వాళ్ళు రెండు మాటలు మార్చారంతే. బటన్లు కూడా అవే."

మంజీర చెయ్యెత్తింది. "పుస్తకానికి నక్షత్రం అడుగుతోందండీ. ఎక్కణ్ణుంచి తేవాలి?"

"ప్రెస్సులో అచ్చయిన టైమ్ వెయ్యండి మేడమ్. తెలీకపోతే పేరులో మొదటి అక్షరాన్ని బట్టి సిస్టమే పెట్టేస్తుంది."

చిదంబరేశ్వరరావు గారు మైకు అందుకున్నారు. "ఇంతవరకూ మనం పుస్తకములను ఎవరు చేయి చాపితే వారి చేతిలో పెట్టితిమి. వెనుకా ముందూ చూచితిమా? ఇంటి వాతావరణము ఎట్టిదో విచారించితిమా? ఆ పుస్తకము అక్కడ సుఖపడుచున్నదో లేదో ఒక్కనాడైనా కనుగొంటిమా? భవిష్యత్తు మన గుమ్మము ముందుకు వచ్చి నిలబడినది. కాళ్ళు కడిగి లోనికి ఆహ్వానింపవలసిన బాధ్యత మనపై గలదు."

అందరూ చప్పట్లు కొట్టారు. మంజీర కూడా కొట్టింది. కొత్త గాజులు బాగా మోగాయి.

గుమ్మలూరులో పుస్తకాలన్నిటినీ కంప్యూటర్‌కి ఎక్కించడం మొదలుపెట్టింది. ఎత్తు, రంగు, కుటుంబ నేపథ్యం, వంట వచ్చునా అని గడులున్నాయి. రంగు దగ్గర చాలా పుస్తకాలకు చామనఛాయ అని వేసింది. ఊరగాయల పుస్తకానికి వంట వచ్చునని నిశ్చింతగా రాసింది. పెద్ద నిఘంటువును ఎక్కించగానే "బరువు అధికం. సంబంధాలు ఆలస్యం కావచ్చు. నిరాశ పడకండి" అని తెరమీద ఓదార్పు వచ్చింది. పాపం అనిపించి మంజీర నిఘంటువుకు దుమ్ము దులిపింది.

మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని దివాకర్ వచ్చాడు. అతనే మొదటి పాఠకుడు కావాలని ఆమె పట్టుబట్టింది. గోత్రం, నక్షత్రం చెప్పి, "వంటింట్లో రసాయన శాస్త్రం" అనే పుస్తకం అడిగాడు. మీట నొక్కగానే తెరమీద అక్షింతలు రాలాయి. స్పీకర్లోంచి గట్టిమేళం మోగింది. పక్కనున్న పాలకేంద్రం వాళ్ళు పరిగెత్తుకొచ్చి భోజనాలెప్పుడని అడిగారు.

"ముప్పై ఆరుకి ముప్పై నాలుగు గుణాలు కలిశాయంట మీకూ దానికీ" అంది మంజీర, తెర కేసి కళ్ళు చికిలించి.

"మనకెన్ని కలిశాయి?"

"ఇరవై ఒకటి. మీ అత్తగారు సిద్ధాంతిగారి చేత ఎలాగో నెట్టించారు."

"చూశావా మరి? నేనే తొందరపడ్డాను" అని దివాకర్ ఆ పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు. మంజీర అతని చెవి మెలిపెట్టింది. క్యారేజీలో ఉన్న గుత్తివంకాయ కూరలో పెద్ద కాయ తనే తినేసి కక్ష తీర్చుకుంది.

మరునాడు కొండలరాయుడు గారు వచ్చారు. రిటైరైన బస్సు కండక్టరు. "ఆఖరి లాంచీలో శవం" అనే రెండు భాగాల డిటెక్టివ్ నవలలో మొదటి భాగం ఆయన దగ్గరుంది.

"అమ్మాయ్, రెండో భాగం ఇలా పడెయ్యి. లాంచీ నడిపే సరంగుని ఎవడు చంపాడో తెలీక ముద్ద దిగట్లేదు" అన్నారు.

మంజీర మీట నొక్కింది. తెర మీద అక్షరాలు మెరిశాయి: "వరునికి ఇదివరకే వివాహమైనది. ద్వితీయ వివాహం నేరం."

"ఏంటంటుందమ్మా అది?"

"మీకు పెళ్ళయిపోయిందంటోందండీ బాబాయ్ గారూ."

"ఆ ముక్క నాకు తెలీదా? ఆవిడే గెంటింది నన్ను, కాసేపు లైబ్రరీలో కూచుని రమ్మని. పుస్తకానికీ మా ఆవిడకీ ఏంటి సంబంధం?"

"పిన్నిగారితో కాదండీ. మొదటి భాగంతో అయిందంట మీకు."

కొండలరాయుడు గారు సంచీలోంచి మొదటి భాగం తీసి బల్లమీద పెట్టారు. "అయితే ఇదిగో, తీస్కో. చదివేశాను."

ఆమె దాన్ని వాపసు తీసుకోగానే తెర ఎర్రబడింది. స్పీకర్లోంచి విషాదంగా వేణువు వినిపించింది. "విడాకులు నమోదైనవి. పుట్టింటికి తిరిగి వచ్చిన పుస్తకానికి మా ప్రగాఢ సానుభూతి. వరుడు కోలుకొనుటకు ఆరు మాసములు గడువు. అంతవరకు కొత్త సంబంధములు చూడబడవు."

"ఆర్నెల్లా!" అన్నారు కొండలరాయుడు గారు. "ఈలోగా వాడు ఇంకో ఇద్దర్ని చంపేస్తాడమ్మా!"

మంజీర తేజేశ్వర్‌కి ఫోన్ చేసింది. అతను ఎంతో మర్యాదగా విన్నాడు. "అర్థమైంది మేడమ్. సర్ కి కౌన్సెలింగ్ ఇచ్చారా? మొదటి భాగంతో రాజీకి ఏమైనా ట్రై చేశారా?"

"ఆయన దాన్ని చదివేశారండీ!"

"అందరూ అదే అంటారు మేడమ్. మోజు తీరిపోయిందని. కొంచెం పెద్దవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించండి."

ఇక లాభం లేదని మంజీర మండలికి రాసింది. మండలిలో ఉపసంఘం కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఆఖరికి ఉత్తర్వు వచ్చింది: "రెండవ సంపుటము స్వతంత్ర వధువు కాజాలదు. అది మొదటి సంపుటమునకు కొనసాగింపు మాత్రమే. కావున మొదటి సంపుటము ఎవరి కాపురమున గలదో, వారికే రెండవ సంపుటమును ఇచ్చుట ద్వితీయ వివాహముగా పరిగణింపబడదు. విడిపోయిన మొదటి సంపుటముతో పునస్సంధానము చేసికొనువారికి గడువు వర్తింపదు."

కొండలరాయుడు గారు పంటి బిగువున మొదటి భాగంతో రాజీపడి, అక్షింతల మధ్య దాన్ని మళ్ళీ పుచ్చుకుని, దాని వెనకాలే రెండోదాన్నీ చంకన పెట్టుకుని వెళ్ళారు. గుమ్మం దగ్గర ఆగి, "ఇంట్లో ఈ సంగతి చెప్పకమ్మా" అన్నారు.

అందరూ కొండలరాయుడు గారంత ఓపిక ఉన్నవాళ్ళు కాదు. గుమ్మలూరు జనానికి ఒక చెడ్డ అలవాటుంది. పుస్తకం తీసుకుంటే చదువుతారు. చదివితే తెచ్చి ఇచ్చేస్తారు. తెర ఎర్రబడుతూనే ఉంది, వేణువు ఏడుస్తూనే ఉంది. బడిపిల్లలు బొమ్మల కథలు గుత్తగా తెచ్చి ఇచ్చిన శనివారం నాడు మంజీర చెవుల్లో దూది పెట్టుకోవలసి వచ్చింది.

నెల తిరిగేసరికి "కాపురాల స్థిరత్వ సూచిక" అని మండలి ఒక పట్టిక విడుదల చేసింది. గుమ్మలూరు అట్టడుగున ఉంది. అన్నిటికంటే పైన ఉన్న శాఖలో గ్రంథపాలకుడు తలుపులే తెరవడని అందరికీ తెలుసు. అయినా ఆయనకు ప్రశంసాపత్రం వెళ్ళింది. మంజీరకు తాఖీదు వచ్చింది. వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే ఆమెను మన్నెంకొండ శాఖకు బదిలీ చేస్తారట. మన్నెంకొండ అంటే రెండు బస్సులు మారి, జీపెక్కి, ఆ జీపు ఆగిపోయాక నడిచి వెళ్ళే ఊరు.

ఆ సాయంత్రం మంజీర స్కూటర్ వెనక కూర్చుని, దివాకర్ చొక్కా వీపు తడిసేలా ఏడ్చింది.

"నేనూ వచ్చేస్తాన్లే" అన్నాడతను.

"అక్కడ కాలేజీ లేదండీ."

"లైబ్రరీ ఉందిగా. రోజూ ఓ పుస్తకం పుచ్చుకుంటా."

"ఇంకోదాన్ని పుచ్చుకుంటే ఊరుకుంటానా?" అని వెక్కిళ్ళ మధ్య అంది మంజీర. తర్వాత ఆ మాట గురించి ఆలోచించింది. ఆలోచించి ముక్కు తుడుచుకుంది. తిరిగొస్తేనే కదా విడాకులు. రాకపోతే?

మర్నాడు గ్రంథాలయం గోడమీద ఆమె చేతిరాతతో కొత్త బోర్డు వెలిసింది: "దయచేసి పుస్తకాలు తిరిగి ఇవ్వకండి."

ఊళ్ళోవాళ్ళు మొదట నమ్మలేదు. నమ్మాక ఆనందించారు. పుస్తకాలన్నీ ఒక్కొక్కటే అక్షింతలు పోయించుకుని గడప దాటాయి. నిఘంటువును కూడా పాలకేంద్రం గుమాస్తా ముచ్చటపడి పుచ్చుకున్నాడు. పెరుగు కుండ మీద మూతకి సరిగ్గా సరిపోయిందట. చదివేసిన పుస్తకాలు ఏం చేయాలన్న ప్రశ్నకు బస్టాండు దగ్గర బజ్జీలబండి సత్తెమ్మ జవాబు చెప్పింది.

"ఇక్కడెట్టిపొండి. కావాల్సినోళ్ళు అట్టుకుపోతారు. నూనె చేతుల్తో ముట్టుకుంటే మాత్రం ఊరుకోను. తుడుసుకోండి ముందు."

అలా పుస్తకాలు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళి వస్తున్నాయి. కంప్యూటర్ లెక్కలో మాత్రం దేని కాపురం అది చేసుకుంటోంది. సాయంత్రమయ్యేసరికి బజ్జీలబండి చుట్టూ జనం. కొండలరాయుడు గారు అక్కడ నిలబడి, సరంగుని చంపిందెవరో చెప్పబోయి నలుగురి చేత తిట్లు తింటున్నారు. మంజీర, దివాకర్ కూడా రోజూ వెళ్ళి, ఒక పొట్లం మిరపకాయ బజ్జీలూ ఒక పుస్తకమూ పంచుకుంటున్నారు. కారంగా ఉన్నవి ఆమెకి, పేజీలు తిప్పే పని అతనికి.

తర్వాతి పట్టికలో గుమ్మలూరు అగ్రస్థానంలో నిలిచింది. ఒక్క విడాకులు లేవు.

చిదంబరేశ్వరరావు గారు శాలువా పట్టుకుని స్వయంగా వచ్చారు. తేజేశ్వర్ ఫోటోలు తీశాడు. సంచాలకులు గారు బీరువాలన్నీ తెరిచి చూశారు. ఖాళీ అరల్లో చేతులు పెట్టి తడిమారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఒక్కరు కూడా ఇంట మిగులలేదు. ఎంత పుణ్యము చేసికొంటివమ్మా! వచ్చే వారము రాజధానిలో మన మండలికి పురస్కారము ఇచ్చుచున్నారు. అందుకు మూలము నీవే."

మంజీర సిగ్గుపడుతూ శాలువా కప్పుకుంది.

"కావున" అన్నారాయన కుర్చీలో కూర్చుని, జీడిపప్పు ఉప్మా ప్లేటు దగ్గరికి లాక్కుంటూ, "నీ సేవలు ఇచ్చట ఇక అవసరము లేదు. ఇవ్వవలసిన పుస్తకమే లేనిచోట ఇచ్చువారెందులకు? మన్నెంకొండ శాఖలో పెళ్ళికాని పుస్తకములు గుట్టలుగా పడియున్నవి. సోమవారము అచ్చట చేరుము."

శాలువా జారిపోయింది. "అయ్యో, సార్! నాకు దంపతుల నిబంధన కింద ఈ ఊరు ఇచ్చారండీ. మా ఆయన ఇక్కడే పనిచేస్తారు."

"నిబంధన గలదు. కాదనను. మీవారి పేరు?"

"దివాకర్ అండీ. జూనియర్ కాలేజీ."

తేజేశ్వర్ కంప్యూటర్లో వెతికాడు. గొంతు సవరించుకున్నాడు. "సార్, ఈయనకి ఆల్రెడీ మ్యారేజ్ అయింది."

"నాతోనే కదండీ!" అంది మంజీర.

"కాదు మేడమ్. 'వంటింట్లో రసాయన శాస్త్రం'తో. థర్టీ ఫోర్ పాయింట్లు. చక్కటి కాపురం, కంప్లయింట్ ఒక్కటి లేదు."

సంచాలకులు గారు చెంచా కింద పెట్టి మంజీరను జాలిగా చూశారు. "మండలి రికార్డుల ప్రకారము ఆయన సంసారి. మరి నీవెవరవమ్మా?"

"ఆ పుస్తకం ఇప్పుడే తెప్పించి వాపసు తీసుకుంటానండీ."

"వాపసా!" ఆయన ఒక్క ఉదుటున లేచారు. "పురస్కారము ముందర విడాకులా? నిండు కాపురము కూల్చెదవా? ఒక స్త్రీవై యుండి!"

మంజీర లెక్క వేసుకుంది. పుస్తకం మొగుడి దగ్గరుంటే తను భార్య కాదు. పుస్తకం వస్తే తను ఉద్యోగి కాదు. బయట ఎవరిదో స్కూటర్ హారన్ మోగింది. దివాకర్‌ది కాదు, అయినా గుండె జల్లుమంది. ఆ జల్లుమనడంలోనే ఆమెకు ఆ పుస్తకం అట్ట గుర్తొచ్చింది. దానిమీద "మొదటి సంపుటం" అని ఉంది. రెండోది రాస్తానని చెప్పి రచయిత ఎందుకో రాయలేదు.

"సార్, మీరు ఉప్మా తినండి. చల్లారిపోతోంది" అని, కంప్యూటర్ తనవైపు తిప్పుకుంది.

కొత్త పుస్తకం నమోదు అన్న మీట నొక్కింది. పేరు: వంటింట్లో రసాయన శాస్త్రం, రెండవ సంపుటం. ఎత్తు: ఐదడుగుల రెండంగుళాలు. రంగు: చామనఛాయ. నక్షత్రం: స్వాతి. వంట వచ్చునా: వచ్చును, గుత్తివంకాయ బాగా. అలవాట్లు: చదువుట, కారం తినుట. ఇన్నాళ్ళూ ఏ పుస్తకానికీ సరిపడని ఆ గడులన్నీ మొదటిసారి ఒక్క అబద్ధం కూడా లేకుండా నిండాయి. ఫోటో అడిగితే తేజేశ్వర్ ఇందాక తీసిన శాలువా ఫోటో పెట్టింది. పుచ్చుకొనువారు: దివాకర్. మీట నొక్కింది.

అక్షింతలు రాలాయి. గట్టిమేళం మోగింది. పాలకేంద్రం వాళ్ళు ఈసారి చేతులు కడుక్కుని మరీ వచ్చారు.

"ఏమిటమ్మా యిది?" అన్నారు చిదంబరేశ్వరరావు గారు.

"నేను రెండో సంపుటాన్నండీ. స్వతంత్ర వధువును కాను, మొదటి సంపుటానికి కొనసాగింపుని మాత్రమే. తమరి ఉత్తర్వులోనే ఉంది."

సంచాలకులు గారు తమ ఉత్తర్వును తెప్పించుకుని రెండుసార్లు చదివారు. అందులో ఒక్క దోషం కూడా కనబడలేదు. తమ భాషను తామే మెచ్చుకుంటున్నట్టు తలూపారు. ఆనక తేజేశ్వర్ వైపు తిరిగారు.

"ఇప్పుడీమెను మన్నెంకొండ పంపినచో?"

"కాపురంలో ఉన్న బుక్‌ని వేరు చేసినట్టవుతుంది సార్. రెడ్ స్క్రీన్ వస్తుంది. రాజధానిలో కూడా వినిపిస్తుంది ఫ్లూటు."

ఆయన నుదురు తుడుచుకున్నారు. "సరే. కాని ఒక చిక్కు గలదు. పుస్తకమునకు జీతమిచ్చు పద్దు మన మండలిలో లేదే?"

"బైండింగు ఖర్చుల కింద రాసుకోవచ్చునండీ" అంది మంజీర.

ఆయన ముఖం విప్పారింది. అప్పటికప్పుడు ఉత్తర్వు చెప్పి రాయించారు: "శ్రీమతి మంజీర అను రెండవ సంపుటము గుమ్మలూరు దాటి కదలరాదు. మొదటి సంపుటముతో కలహింపరాదు. ప్రతి మాసము చివర బైండింగు చేయించుకొనవలెను." సంతకం పెట్టి, మిగిలిన ఉప్మా ముగించి, మన్నెంకొండకు ఎవరిని పంపాలా అని ఆలోచిస్తూ కారెక్కారు. తేజేశ్వర్ ఆయన కంటబడకుండా వెనక సీట్లో నక్కాడు.

ఇచ్చిన పుస్తకం అందినట్టు పాఠకుడు వచ్చి సంతకం చేయాలి. కబురందుకుని దివాకర్ క్లాసు మధ్యలోంచే వచ్చాడు. చొక్కా చేతుల నిండా సుద్దపొడి. జరిగినదంతా మంజీర చెబుతుంటే కిటికీ పట్టుకుని నవ్వాడు.

"కొత్త పుస్తకానికి ముద్ర వేయాలి కదా, ఎక్కడ వేస్తారు?" అన్నాడు.

ఆమె అరచెయ్యి చాపింది. అట్లతద్దికి పెట్టుకున్న గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. దాని నడుమ అతను గ్రంథాలయం ముద్ర జాగ్రత్తగా ఒత్తి, ఆరేదాకా ఊదాడు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, పేజీలు సరిచూసుకున్నాను, చిరుగులు లేవు అన్నచోట సంతకం పెట్టాడు. తల గోక్కుంటూ తెర పైనుంచి కిందిదాకా వెతికాడు.

"తిరిగి ఇవ్వాల్సిన తేదీ ఎక్కడా లేదేంటి?"

"ఆ గడి వీళ్ళు పెట్టలేదండీ" అంది మంజీర.